పాత నేవీ పీకోటు కొందామనుకుంటున్నా, చికాగో చలికి ఆగుతుందా?

కొత్తగా_దిగినోడు (చికాగో)

అందరికీ నమస్తే. ఆగస్టులో మాస్టర్స్‌కి వచ్చాను, సొంతూరు నల్గొండ. నేను చూసిన పెద్ద చలంటే ఆదిలాబాద్‌లో మా పెద్దమ్మ వాళ్ళింట్లో సంక్రాంతి ముందు పడే చలే. ఇక్కడ అక్టోబరుకే చెవులు లాగేస్తున్నాయి. రూమ్మేట్లంతా ఉబ్బిన జాకెట్లు కొంటున్నారు. నాకేమో ఆన్‌లైన్‌లో ఒక పాత అమెరికన్ నేవీ పీకోటు కనిపించింది. ముదురు నీలం ఉన్ని, లంగరు బొమ్మ ఉన్న గుండీలు, పెద్ద కాలర్. 85 డాలర్లు చెబుతున్నాడు. 1960ల నాటిది, సైజు 38ఆర్ అని రాశాడు. నా ఛాతీ కూడా 38 అంగుళాలే.

అది నిజంగా అంత పాతదో కాదో ఎలా తెలుస్తుంది? సైజు సరిపోతుందా? జనవరిలో ఇదొక్కటే వేసుకుని బస్టాపులో నిలబడొచ్చా? మొత్తం బడ్జెట్ 150 దాటకూడదు. అమ్మకి ఫోన్‌లో చెప్తే "ఎవడో కట్టి విడిచినది నీకెందుకురా" అంటోంది, ఆవిణ్ణి ఎలా ఒప్పించాలో కూడా చెబితే సంతోషం.

మిన్నెసోటా_మామ (సెయింట్ పాల్)

వద్దు. పార్కా, అదే హుడ్ ఉన్న చలి జాకెట్, కొనుక్కో. అయిపోయింది.

ఉన్నిపిచ్చోడు (బాల్టిమోర్)

మామ మాట పక్కన పెట్టు తమ్ముడూ, ఆయన ఉండే ఊరి చలే వేరు. ముందు కోటు వయసు సంగతి చూద్దాం, అది తేలిక.

కుడివైపో ఎడమవైపో లోపలి జేబు దగ్గర ఒక గుడ్డ ట్యాగ్ ఉంటుంది. దాని ఫొటో అడుగు. అందులో డీఎస్ఏ అనే అక్షరాలు, తర్వాత 100, తర్వాత గీత, ఆపైన రెండంకెలు ఉంటాయి. ఆ రెండంకెలే కాంట్రాక్టు ఇచ్చిన ఆర్థిక సంవత్సరం. "డీఎస్ఏ 100-67" అంటే 1967 కాంట్రాక్టు అన్నమాట. డీఎస్ఏ అంటే డిఫెన్స్ సప్లై ఏజెన్సీ. 1977లో దాని పేరు డిఫెన్స్ లాజిస్టిక్స్ ఏజెన్సీగా మారింది, అప్పట్నుంచి ట్యాగ్ మీద డీఎల్ఏ అని ఉంటుంది. కాబట్టి డీఎల్ఏ అక్షరాలున్న కోటుని ఎవరైనా "వియత్నాం యుద్ధం నాటిది" అని అమ్ముతుంటే నవ్వుకుని ముందుకెళ్ళిపో. ట్యాగే లేకపోతే పాతది కాదని అర్థం కాదు, కానీ పాతదానికి ఇచ్చే ధర మాత్రం ఇవ్వకు.

ట్యాగ్ కన్నా నాకు ముఖ్యమైంది గుడ్డ. 1960ల చివరిదాకా ఈ కోట్లు కెర్సీ అనే ఉన్నితో కుట్టారు. గజానికి 30 ఔన్సుల ప్రాంతంలో బరువుండే గుడ్డ అది. దగ్గరగా చూస్తే ఏటవాలు నేత గీతలు కనిపిస్తాయి, రంగు దాదాపు అర్ధరాత్రి నీలం. ఆ తర్వాత మెల్టన్‌కి మారారు. మెల్టన్‌ని బాగా కుదించి, పైన నూగు కత్తిరిస్తారు కాబట్టి నేత కనబడదు, ముట్టుకుంటే మెత్తగా ఉంటుంది. చెడ్డదేం కాదు. కానీ కెర్సీ కోటు వేసుకుని సరస్సు గాలికి ఎదురుగా నడిచి చూడు, తేడా వీపుకి తెలుస్తుంది. 1980ల నుంచి రంగు కూడా నలుపుకి తిరిగింది.

జేబుల్లో చెయ్యి పెట్టినప్పుడు కార్డురాయ్, అంటే నిలువు గీతల ముఖమల్ లాంటి గుడ్డ, తగిలితే సంతోషించు, అది పాతదానికి గుర్తు. రెండో ప్రపంచ యుద్ధం నాటి వాటికి ముందు పది గుండీలు ఉంటాయి, తర్వాత అవి తగ్గాయి. ఆ కాలం వాటి ట్యాగ్ మీద నేవల్ క్లోతింగ్ ఫ్యాక్టరీ అని ఉంటుంది. అవి నీ బడ్జెట్‌లో దొరకవు, దొరికినా బస్సులో వేసుకు తిరగడానికి మనసొప్పదు.

డెవాన్_దగ్గర (చికాగో)

బస్టాపు ప్రశ్నకి నేను చెబుతా. మామూలు జనవరి రాత్రి ఇక్కడ మైనస్ 7, 8 సెల్సియస్. లోపల స్వెటరు, మెడకి మఫ్లర్, చేతికి గ్లోవ్స్ ఉంటే మంచి పీకోటు దానికి ఆగుతుంది. మైనస్ 15కి ఆగదు. 2019 జనవరి 30న ఒహేర్ ఎయిర్‌పోర్టులో మైనస్ 31 సెల్సియస్ దాకా పడిపోయింది, అలాంటి రోజున ఏ కోటైనా ఒకటే, ఇంట్లో కూర్చోవడమే. అసలు ఇబ్బంది ఎక్కడంటే, పీకోటు నడుం కిందకి కాస్త దిగి ఆగిపోతుంది. తొడలన్నీ గాలికే. మన వాళ్ళు పైన మూడు పొరలేసి కింద పల్చటి జీన్స్ ఒక్కటే వేసుకుని "కోటు పనికిరాలేదు" అంటారు. థర్మల్ ప్యాంటు కొనుక్కో, ఇరవై డాలర్లు.

మిన్నెసోటా_మామ

అమెరికా నేవీ వాళ్ళే పీకోటు వదిలేసి పార్కాకి మారారు. 2016లో ప్రకటించారు. ఇక మీరెందుకు పట్టుకు వేలాడుతున్నారు?

ఉన్నిపిచ్చోడు

వదల్లేదు మామా. పార్కాని తప్పనిసరి చేశారు, పీకోటు ఐచ్ఛికం అయింది. కావాలనుకున్న నావికుడు సొంత డబ్బుతో కొనుక్కోవచ్చు. పార్కాకి బరువు తక్కువ, వాన ఆపుతుంది, మడత పెట్టడం తేలిక. ఆ లెక్కలో పార్కాయే గెలుస్తుంది, నేను కాదనను. బోస్టన్‌లో స్టెర్లింగ్‌వేర్ అని నేవీకి ఏళ్ళ తరబడి ఈ కోట్లు కుట్టిన కంపెనీ ఉండేది, కాంట్రాక్టులు పోయాక మూతపడింది. అందుకే పాతవాటికి ఈమధ్య గిరాకీ పెరిగింది.

ఎడిసన్_కుట్టుమిషన్ (న్యూజెర్సీ)

సైజు గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను ఆల్టరేషన్లు చేస్తాను కాబట్టి చెబుతున్నా.

38ఆర్‌లో 38 అంటే ఛాతీ కొలత, ఆర్ అంటే మామూలు పొడవు. ఎస్ పొట్టివాళ్ళకి, ఎల్ పొడుగువాళ్ళకి. ఈ కోట్లు యూనిఫాం మీద ఒంటికి దగ్గరగా వేసుకోవడానికి కుట్టినవి. ఇప్పటి షాపుల్లో మీడియం అంటే ఉండే వదులు వీటికి ఉండదు. అందుకని ట్యాగ్ మీది సైజు నమ్మొద్దు. పైగా యాభై ఏళ్ళలో ఎవరో ఒకరు సైజు తగ్గించి ఉండొచ్చు, తడిపి కుదించి ఉండొచ్చు.

అమ్మేవాణ్ణి ఇలా కొలవమని అడుగు: గుండీలు పెట్టి, బల్ల మీద చదునుగా పరిచి, ఒక చంక కింద నుంచి ఇంకో చంక కిందకి టేపు. వచ్చినదాన్ని రెట్టింపు చెయ్యి. అది నీ ఛాతీ కన్నా కనీసం నాలుగు అంగుళాలు ఎక్కువ ఉంటే చొక్కా, సన్నటి స్వెటరు పడతాయి. లావు స్వెటరు, దాని మీద హుడీ అంటావా, ఆరు అంగుళాలు కావాలి. భుజం కొలత కూడా అడుగు, వెనక నుంచి కుట్టు నుంచి కుట్టుకి. చేతులు, అస్తరు, గుండీలు అన్నీ నేను సరిచేస్తా. భుజం మాత్రం నా దగ్గరకి తేవద్దు. దాన్ని విప్పి మళ్ళీ కుట్టడానికి అయ్యే ఖర్చుకి ఇంకో కోటు వస్తుంది.

మన పిల్లల్లో చాలామందికి భుజాలు సన్నం, పొట్ట కొంచెం ముందుకి. వాళ్ళకి ఛాతీ సరిపోయిన కోటు కింద గుండీ దగ్గర లాగేస్తుంది. వేసుకుని కూర్చుని కూడా చూడాలి.

లండన్_లక్ష్మి (హారో)

ఆడవాళ్ళ సంగతి? నేను మగవాళ్ళ 36 ప్రయత్నించాను, భుజాలు కిందకి జారిపోయాయి.

ఎడిసన్_కుట్టుమిషన్

నేవీ ఆడవాళ్ళకి వేరే కోత ఉంటుంది అక్కా. ట్యాగ్ మీద 10, 12 అని డ్రెస్ సైజులు ఉంటాయి. అమ్మేవాళ్ళు చాలామంది ఇది చూసుకోకుండా "చిన్న సైజు" అని రాసేస్తారు, అందుకని వెతికేటప్పుడు ఫొటోలో ట్యాగ్ చూడండి. ధర కూడా తక్కువే పడుతుంది, కొనేవాళ్ళు తక్కువ కాబట్టి.

లండన్_లక్ష్మి

థాంక్స్ అమ్మా. పంజాబీ డ్రెస్ మీద పీకోటు వేసుకుని, చున్నీని మఫ్లర్‌లా చుట్టుకుంటే ఎంత బాగుంటుందో. చీర మీద మాత్రం నావల్ల కాలేదు, పమిట అంతా ఒక ముద్దయిపోయి లోపల ఇరుక్కుంటుంది. చీర కట్టే రోజున పొడవాటి ఓవర్‌కోటే దిక్కు.

కొత్తగా_దిగినోడు

ట్యాగ్ ఫొటో పంపాడు! డీఎస్ఏ 100-69 అని ఉంది. చంక నుంచి చంకకి 21 అంగుళాలు అన్నాడు. జేబుల్లో కార్డురాయ్ ఉందట. లోపల అస్తరు మీద ఎవరిదో పేరు అచ్చు వేసి ఉంది. ఇది చూశాక నాకూ కొంచెం ఎలాగో ఉంది, ఆ మనిషి ఉన్నాడో లేడో.

ఉన్నిపిచ్చోడు

1969 కాంట్రాక్టు. అంటే అమ్మేవాడు అబద్ధం చెప్పలేదు. కానీ "1960లు" అనగానే కెర్సీ అనుకుని జనం ఎక్కువ డబ్బు పెడతారు, ఈ ఏడాదివి మెల్టనే అయ్యే అవకాశం ఎక్కువ. వెలుతురులో చేతిమీద గుడ్డని దగ్గరగా ఫొటో తీయమను, ఏటవాలు గీతలు కనబడతాయో లేదో చూద్దాం. అలాగే పార్సిల్ బరువు ఎంతో అడుగు. కోటు ఒక్కటే రెండు కిలోలకి అటూఇటూ ఉండాలి. కిలోన్నర కన్నా తక్కువంటే అది బజారు కోటు. 85 ఎక్కువ, 70 అను.

పేరు అచ్చు నేవీ రివాజు. నావికులు తమ బట్టలన్నిటి మీదా పేరు వేసుకోవాలి. బట్టలుతికే చోట కలిసిపోకుండా అన్నమాట. సర్వీసు నుంచి బయటికొచ్చి ఇల్లు సర్దుకునేటప్పుడు ఇచ్చేసినవే ఇందులో ఎక్కువ.

పల్నాడు_పాపయ్య (డాలస్)

మీ అమ్మగారు చెప్పింది కొట్టిపారేయకు బాబూ. మనకి ఒక ఆచారం ఉంది. పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచం, ఇచ్చేస్తాం. ఎవరివో తెలియనివి అసలు ముట్టుకోం. నాకు డబ్బు ఉన్నా లేకపోయినా వాడిన బట్ట కొనను.

బోస్టన్_బుజ్జి

పాపయ్య గారూ, ఎవరి ఇష్టం వాళ్ళది, కానీ ఒక్క మాట. మన ఇళ్ళల్లో పిల్లలందరూ అన్న చొక్కాలు, బావ ప్యాంట్లు వేసుకునే పెరిగారు. పుట్టిన పసిబిడ్డకి ముందు ఎవరిదో మెత్తబడిన పాత బట్టే తొడుగుతాం, కొత్తది తొడగం. అదీ ఆచారమే కదా.

పల్నాడు_పాపయ్య

అది మనవాళ్ళది కాబట్టి. ఎవరో ఏమిటో తెలుసు కాబట్టి. ఇక్కడ అది లేదు. నేను వాదించట్లేదు, నా పద్ధతి చెప్పానంతే.

నూలుపోగు (పానిపట్)

నేను కరీంనగర్ వాణ్ణి, ఉద్యోగం పానిపట్‌లో, బట్టల వ్యాపారం. ఈ చర్చ చదువుతుంటే ఒకటి చెప్పాలనిపించింది.

అమెరికా, యూరప్‌లలో దానంగా ఇచ్చేసిన ఉన్ని కోట్లు, స్వెటర్లు పెద్ద పెద్ద బేళ్ళుగా కట్టి గుజరాత్‌లోని కాండ్లా మీదుగా మా ఊరికి వస్తాయి. ఇక్కడ ఆడవాళ్ళు నేల మీద కూర్చుని గుండీలు, జిప్పులు, అస్తరు కోసి తీసేస్తారు. గుడ్డని రంగులవారీగా వేరు చేసి, యంత్రంలో చీల్చి పీచు చేసి, మళ్ళీ దారం వడికి దుప్పట్లు నేస్తారు. ఆ దారాన్ని షాడీ అంటారు. తుపానులు, వరదలు వచ్చినప్పుడు పంచే చవక దుప్పట్లలో ఇలాంటివి చాలా ఉంటాయి. కాబట్టి పాపయ్య గారు బహుశా ఎప్పుడో ఒకసారి ఎవరిదో కోటు కప్పుకునే పడుకుని ఉంటారు. కోపగించుకోకండి సార్.

ఉన్ని ఒకసారి చీల్చి మళ్ళీ వడికితే పీచు పొట్టిదైపోతుంది, బలం తగ్గుతుంది. అమెరికాలో 1940లో వచ్చిన ఉన్ని లేబుళ్ళ చట్టం కొత్త ఉన్ని ఎంత, మళ్ళీ వాడిన ఉన్ని ఎంత అని లేబుల్ మీద రాయాలని అందుకే పట్టుబట్టింది. మీరు షాపులో కొనే ఫ్యాషన్ పీకోటు లేబుల్ చూడండి. "రీసైకిల్డ్ ఊల్ 50, పాలియెస్టర్ 40, ఇతరాలు 10" లాంటివి కనిపిస్తాయి. చూడ్డానికి పీకోటే, రెండు చలికాలాలకే మోచేతుల దగ్గర ఉండలు కట్టేస్తుంది. అనుమానముంటే లోపలి కుట్టు మడత నుంచి ఒక్క పోగు లాగి కాల్చండి. ఉన్నయితే వెంట్రుక కాలిన కంపు కొట్టి బూడిదై నలిగిపోతుంది. పాలియెస్టర్ అయితే కరిగి గట్టి పూస అవుతుంది.

పల్నాడు_పాపయ్య

😄 సరే సార్, ఇక దుప్పటి కూడా ఇంట్లో నేయించుకుంటా.

వైజాగ్_అలలు (విశాఖపట్నం)

మా ఊళ్ళో నేవీ ఉంది, బీచ్‌లో సబ్‌మెరైన్ మ్యూజియం ఉంది, పీకోటు అవసరం మాత్రం లేదు. మా అన్నయ్య తిరిగొచ్చేటప్పుడు ఒకటి తెచ్చాడు. ఉప్పు గాలికి, తేమకి బీరువాలో బూజు పట్టింది. వేసుకుందామంటే చలికాలంలో ఓసారి లంబసింగి వెళ్ళాలి, అక్కడ కూడా తెల్లవారుజామున ఓ రెండు గంటలు. ఇండియాకి తేకండి, అక్కడే ఎవరికైనా ఇచ్చి రండి. ఆ రెండు కిలోల బదులు ఏ చాక్లెట్లో వస్తాయి.

హిమాయత్‌నగర్_హరి (హైదరాబాద్)

నాకో డౌట్. నేవీ కోటు వేసుకుని తిరిగితే అక్కడ ఎవరైనా అడ్డుకుంటారా? వీసా మీద ఉన్న పిల్లలు, అనవసరమైన టెన్షన్ ఎందుకు?

డెవాన్_దగ్గర

ఎవరూ ఏమనరు. కాలేజీ పిల్లల నుంచి ముసలాళ్ళ దాకా అందరూ వేసుకునే కోటు ఇది. భుజం కింద హోదా గుర్తు, గ్రద్ద బొమ్మ, చారలు కుట్టి ఉంటే మాత్రం విప్పించెయ్. సంపాదించని గుర్తు పెట్టుకు తిరగడం మర్యాద కాదు. అలాగే బంగారు రంగు గుండీలున్నవి చీఫ్‌లు, ఆఫీసర్ల రకం, దాన్ని రీఫర్ అంటారు. అదే ఇంకా పొడవుగా మోకాళ్ళ దాకా ఉంటే బ్రిడ్జ్ కోటు. తొడల చలి భరించలేని వాళ్ళు ఈ బ్రిడ్జ్ కోటు వెతుక్కుని, గుండీలు నల్లవి మార్పించుకుంటే సరిపోతుంది.

కొత్తగా_దిగినోడు (నవంబరు)

70కి ఒప్పుకున్నాడు. కొనేశా. గుడ్డ మెల్టనే, ఉన్నిపిచ్చోడు అన్న చెప్పినట్టే. సైజు చక్కగా ఉంది, భుజం కుట్టు సరిగ్గా ఎముక మీద కూర్చుంది. లోపల చంక దగ్గర అస్తరు ఓ బెత్తెడు చిరిగింది, అది ఫొటోల్లో చూపించలేదు.

పెద్ద సమస్య ఏంటంటే పెట్టె తెరవగానే కలరా ఉండల వాసన. గది గదంతా అదే. రూమ్మేట్ ముక్కు మూసుకుని వంటింట్లో పడుకున్నాడు. ఏం చేయాలి? కాలర్ కింద ఒక చిన్న చిల్లు కూడా ఉంది, పురుగు కొట్టినట్టుంది.

మందులషాపు_అక్క (అట్లాంటా, ఫార్మసిస్ట్)

ముందు జాగ్రత్త, తర్వాత వాసన. కలరా ఉండల్లో చాలావాటిలో ఉండేది నాఫ్తలీన్. జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైమ్ లోపం) ఉన్నవాళ్ళకి, ముఖ్యంగా పసిపిల్లలకి, అది ఎర్రరక్తకణాలను పగలగొడుతుంది. ఆ ఉండల్లో దాచిన బట్టలు చుట్టిన నెలల బిడ్డలకి కామెర్లు వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఈ లోపం మన దేశంలోనూ ఉంది, చాలామందికి తమకి ఉందని తెలియదు. మీరు కుర్రాళ్ళు, పెద్ద భయం అక్కర్లేదు. చంటిపిల్లలున్న ఇంట్లో మాత్రం ఆ కోటు పూర్తిగా గాలి పట్టేదాకా లోపలికి తేవద్దు. ఊళ్ళో బీరువాల్లో కలరా ఉండలు వేసే అమ్మమ్మలకి కూడా ఈ మాట చెప్పండి.

వాసనకి సెంటు కొట్టొద్దు, రెండూ కలిసి ఇంకా దారుణంగా తయారవుతాయి. బాల్కనీలోనో మెట్ల దగ్గరో నీడలో, గాలి తగిలేలా వెడల్పు హ్యాంగర్‌కి తగిలించండి. జేబులు బయటికి లాగి ఉంచండి, వాసన అక్కడే దాక్కుంటుంది. వారం రెండు వారాల్లో చాలావరకు పోతుంది. కొంత మిగిలితే ఆవిరి పట్టి మళ్ళీ ఆరేయండి.

ఎడిసన్_కుట్టుమిషన్

చిల్లు సంగతి. ఉన్నిని తినేది ఎగిరే చిమ్మట కాదు, దాని పురుగు. చీకటి, చెమట మరక, కదలిక లేని చోటు దానికి ఇష్టం. అందుకే కాలర్ కింద, జేబు మూలల్లో, చంకల్లో చూడాలి. తెల్లటి సన్నని గూడు లాంటిది గానీ, ఇసుకలాంటి రేణువులు గానీ కనిపిస్తే ఇంకా బతికి ఉన్నట్టే లెక్క. కనిపించకపోయినా నేను ఊరుకోను.

బాగా బ్రష్ చేసి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి గాలి తీసేసి మూతి బిగించి, ఫ్రీజర్‌లో మైనస్ 18 దగ్గర రెండు వారాలు పెట్టు. తీశాక సంచి వెంటనే తెరవకు, గది వేడికి వచ్చేదాకా అలాగే ఉంచు, లేకపోతే చెమ్మ అంతా గుడ్డ మీద కూర్చుంటుంది. మీ ఫ్రీజర్ నిండా పరోటాలు, తురిమిన కొబ్బరి ఉంటాయని తెలుసు, రెండు వారాలు సర్దుకోండి.

చిన్న చిల్లయితే రఫూ చేయించొచ్చు. లోపలి మడతలోంచి పోగులు తీసి నేస్తే కనబడదు. కాలర్ కిందది కాబట్టి నన్నడిగితే అసలు ముట్టుకోవద్దు. అస్తరు చిరుగు నువ్వే కుట్టుకో, నల్ల దారం, దాపు కుట్టు, పది నిమిషాలు. హైదరాబాద్‌లో అయితే రఫూ వాళ్ళకి ఇచ్చేసేవాళ్ళం, ఇక్కడ అదే పనికి కోటు ఖరీదంత అడుగుతారు.

బోస్టన్_బుజ్జి

డ్రై క్లీనింగ్‌కి ఇవ్వకూడదా?

ఎడిసన్_కుట్టుమిషన్

ఒకసారి ఇవ్వొచ్చు, కొన్న కొత్తలో. తర్వాత చలికాలం అయిపోయాక, లోపల పెట్టే ముందు ఒకసారి. ప్రతినెలా ఇస్తే ఉన్నిలో ఉండే జిడ్డు పోయి గుడ్డ ఎండు గడ్డిలా తయారవుతుంది. మంచు పడితే లోపలికి వచ్చే ముందే దులిపెయ్యాలి, హీటర్ మీద వెయ్యకూడదు. చికాగోలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, అంచున తెల్లటి చారలు పడితే నీళ్ళలో కొంచెం వెనిగర్ కలిపి తడిగుడ్డతో అద్దితే పోతాయి. మామూలుగా రోజూ చేయాల్సింది ఒక్కటే, మంచి బ్రష్‌తో పైనుంచి కిందకి నాలుగు సార్లు.

లండన్_లక్ష్మి

మా వానకి ఈ కోటు ఎలా ఉంటుందో చెబుతా. సన్నటి తుంపరకి ఏమీ కాదు. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు చెమ్మ పీల్చుకున్నా ఒంటికి తడి తెలియనివ్వదు. పెద్ద వానకి మాత్రం ఇంటికొచ్చేసరికి మేకపిల్లని మోసుకొచ్చినట్టు ఉంటుంది, బరువూ వాసనా రెండూను.

ఉన్నిపిచ్చోడు

కాలర్ ఎత్తి వేసుకోవడం నేర్చుకో తమ్ముడూ. ఆ కాలర్ అంత పెద్దగా ఉన్నది స్టైల్‌కి కాదు. ఎత్తి, గొంతు దగ్గరి గుండీ పెడితే చెవుల దాకా కప్పుతుంది. వెనక్కి తిప్పి చూడు, కాలర్ అడుగున వరసలు వరసలుగా కుట్లు కనిపిస్తాయి, అది గాలికి వాలిపోకుండా నిలబడటానికే. దాని లోపల సన్నటి మఫ్లర్ చాలు. టోపీ మరిచిపోవద్దు, పీకోటుకి హుడ్ ఉండదు. హుడీ మీద పీకోటు వేసి, హుడ్ బయటికి తీయడం మన కుర్రాళ్ళు చేస్తుంటారు, నాకు నచ్చదు కానీ చలికి పనిచేస్తుంది, కాదనలేను.

ఇంకో సంగతి. బ్యాక్‌ప్యాక్ రోజూ రెండు భుజాలకి వేస్తే పట్టీ రాసుకున్న చోట ఉన్ని అరిగి మెరుస్తుంది. లాప్‌టాప్ బరువుంటే చేతిసంచి చూసుకో.

కొత్తగా_దిగినోడు (జనవరి)

అందరికీ రిపోర్ట్. వాసన పోయింది, ఫ్రీజర్ పరోటాలు కూడా క్షేమం. నవంబరు, డిసెంబరు అంతా ఈ కోటే, లోపల స్వెటరు. అందరూ ఎక్కడ కొన్నావని అడుగుతున్నారు. పోయిన వారం మైనస్ 16, పైగా గాలి. బస్సు లేటు. నడుం పైన బాగానే ఉంది, తొడలు మాత్రం నావి కాదేమో అనిపించింది, థర్మల్ వేసుకున్నా కూడా. మొహం మీద ఏదీ లేదు. సేల్‌లో 60 డాలర్లకి ఒక పార్కా తీసుకున్నా. మైనస్ 10 దాటితే పార్కా, అంతకు పైన పీకోటు. మొత్తం 130 అయింది.

అమ్మకి వీడియో కాల్‌లో చూపించా. "పోలీసోడిలా ఉన్నావు" అంది. పాతదని మళ్ళీ గుర్తుచేయలేదు, నేనూ చేయలేదు.

మిన్నెసోటా_మామ

మొదటి రోజే చెప్పా. నాలుగు నెలలు పట్టింది.

డెవాన్_దగ్గర

మామా, మీరు పీకోటు వద్దన్నారు. అతను రెండూ కొన్నాడు.

మిన్నెసోటా_మామ

పార్కా కొన్నాడా లేదా?

డెట్రాయిట్_దుర్గ (కొత్త సభ్యురాలు)

నమస్తే, ఈ చర్చ మొత్తం చదివా. మా ఆయనకి ఒకటి చూస్తున్నా. ఇక్కడ ఒక పాత బట్టల షాపులో దొరికింది, ట్యాగ్ మీద డీఎల్ఏ 100-82 అని ఉంది, సైజు 42ఎల్, 45 డాలర్లు. నల్లగా ఉంది. గుండీ ఒకటి ఊడింది. మా ఆయన ఛాతీ 40, పొడుగు ఆరడుగులు. చేతులు అర అంగుళం పొట్టిగా అనిపిస్తున్నాయి. తీసుకోవచ్చా?

ఉన్నిపిచ్చోడు

1982 కాంట్రాక్టు, మెల్టన్, నలుపు ఆ కాలం రంగే. 45కి మంచి బేరం. లంగరు గుండీలు విడిగా దొరుకుతాయి, కానీ పరిమాణంలో తేడాలుంటాయి, ఉన్నదాన్ని కొలిచి అదే కొనండి. లేదా లోపల కనబడని గుండీని పైకి మార్చి, దాని చోట మామూలుది పెట్టేయండి.

ఎడిసన్_కుట్టుమిషన్

చేతి అంచు లోపలికి తిప్పి చూడండి, ఎంత గుడ్డ మడత పెట్టి ఉందో. అంగుళం పైన ఉంటే అర అంగుళం దించొచ్చు, పాత మడత గీత ఆవిరికి చాలావరకు పోతుంది. అంత గుడ్డ లేకపోతే వదిలేయండి. గ్లోవ్స్‌కీ చేతికీ మధ్య ఆ ఖాళీలోంచి వచ్చే గాలి డెట్రాయిట్‌లో రోజంతా ఇబ్బంది పెడుతుంది. వెళ్ళేటప్పుడు ఆయన్ని కూడా తీసుకెళ్ళండి, లావు స్వెటరు వేసుకుని రమ్మనండి.